మా అత్త చక్రం మీద కులంబరు

ఆ రోజుల్లో మా లైన్లలో, అంటే కూలీల వరస గదుల్లో, పిల్లలకి చెరకు కంటే ఎత్తయినది ఏదైనా ఉందంటే అది ఆకాశమే. ఈ మాట అనగానే, ఆ రోజులెంత బంగారమో అని నిట్టూర్చడానికి సిద్ధమయ్యే వాళ్లుంటారు. వాళ్లతో నాకు మొదటినుంచీ పడదు. అవి గిర్మిట్ రోజులు. అయిదేళ్ల ఒప్పందం మీద ఓడెక్కించి ఫిజీకి తెచ్చి, తెల్లారకముందే లేపి చెరకులోకి తోలిన రోజులు. బంగారం ఎక్కడుందో నాకు కనబడలేదు. కానీ ఒక్క విషయంలో మాత్రం ఆ రోజుల పక్షాన ఎవరితోనైనా పోట్లాడతాను. మొన్న లౌటోకా మైదానంలో మనుషుల్ని ఎక్కించుకుని కరెంటు మీద తిరిగే పెద్ద చక్రం తెచ్చినవాడు, గొట్టంలో నోరు పెట్టి "ఫిజీలో మొట్టమొదటిసారి!" అని అరుస్తున్నాడు. నేను తిన్నగా వాడి దగ్గరికి వెళ్లి, "మొట్టమొదటిది మా మేనత్తది నాయనా" అన్నాను. వాడు నవ్వి టికెట్టు కొనుక్కోమన్నాడు. (కొన్నాను. ఆ ముచ్చట చివర్లో చెప్తాను.)

మా మేనత్త అంటే మా నాన్నకి అక్క. విశాఖపట్నం వైపు నుంచి ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు, వాళ్లతో అమ్మా, అమ్మ చంకలో నేనూ. రాకిరాకి వైపు మా లైను. నాన్న చక్కెర కంపెనీ ఎద్దుల్ని తోలేవాడు, అత్తా అమ్మా చెరకులో కలుపు తీసేవాళ్లు, నేను పాలపళ్లు ఊడుతున్న వయసులో అందరికీ అడ్డం తిరిగేదాన్ని. (ఆ ఉద్యోగం ఇప్పటికీ వదల్లేదు.) ఒక ఆదివారం నాన్న కొబ్బరిచెట్టెక్కి దిగొచ్చి, పైనుంచి సముద్రం కనబడుతోందని చెప్పాడు. మా అత్త చేతిలో చేట కింద పెట్టేసింది.

"మొగోళ్లకేటిరా, సెట్టెక్కి సూసొస్తారు. మేమెప్పుడు సూడాలి?"

"చూసి ఏం చేస్తావే అక్కా? అదే నీళ్లు."

"నా కళ్లు, నా ఇష్టం. సూసి తిట్టుకుంటాను, నీకెందుకు?"

ఆ సాయంత్రమే కర్రపుల్లతో నేల మీద గుండ్రంగా గీసింది. చిన్నప్పుడు తీర్థంలో చూసిన చక్రం ఆమెకి గుర్తుంది. ఎలా కట్టారన్నది మాత్రం గుర్తులేదు, ఎందుకంటే అప్పుడామె దృష్టంతా జీళ్ల మీద ఉంది. అందుకని ప్రతిదీ మళ్లీ కొత్తగా కనిపెట్టవలసి వచ్చింది. చెరకు బళ్ల రైలుపట్టా పక్కన గడ్డిలో పడి తుప్పు పడుతున్న ఇరుసొకటి నాన్న దొర్లించుకొచ్చాడు. అటూ ఇటూ రెండేసి వేసి కర్ర స్తంభాలు (వేసి అంటే ఇక్కడి చెట్టు, దానిలోకి మేకు దిగే లోపల మనిషి ముసలివాడైపోతాడు). కూర్చోడానికి నాలుగు కిరసనాయిలు పెట్టెలు. ఇరుసుకి కొబ్బరినూనె. మొదట అత్త పెట్టెల్ని చక్రానికి బిగించి మేకులు కొట్టించింది. మనుషుల్ని ఎక్కించే ముందు గుమ్మడికాయని ఎక్కించి తిప్పితే, పెట్టె పైకెళ్లి బోర్లా పడింది, కాయ వచ్చి నాన్న భుజం మీద పగిలింది. నాన్న గింజలు దులుపుకుంటుంటే అత్త అటు చూడనైనా చూడలేదు. "ఉయ్యాల! ఉయ్యాలలా ఏలాడాలి!" అని పరిగెత్తింది. అలా పెట్టెలు ఊచలకి వేలాడాయి. రెండో కాయ కూర్చున్నది కూర్చున్నట్టే తిరిగొచ్చింది. దాని తర్వాత ఎక్కింది నేను. ఈ దీవుల్లో చక్రమెక్కిన మొదటి మనిషి ఎవరని రేపెవరైనా అడిగితే, గుమ్మడికాయ తర్వాత నేనేనని రాసుకోండి.

తిప్పడానికి మనుషుల సత్తువ చాలలేదు. వారమంతా కంపెనీ పిండేసిన ఒంట్లో ఆదివారానికి మిగిలేదెంత? అందుకని ఇరుసుకి పొడుగాటి తాడు చుట్టి, కొసని ఎద్దుల కాడికి కట్టారు. ఎద్దులు ముందుకి నడిస్తే తాడు విప్పుకుంటూ చక్రం తిరుగుతుంది. తాడు అయిపోయాక ఎద్దుల్ని వెనక్కి తీసుకొచ్చి, చక్రాన్ని చేత్తో తిప్పి మళ్లీ చుట్టుకోవాలి. మేత పేరు చెప్పి నాన్న ఎద్దుల్ని తెచ్చేవాడు. వరసగా ఆదివారాలు తిప్పి చూశాం. ఒక్క తప్పూ దొర్లలేదు. మా వాళ్ల పొరపాటంతా అక్కడే ఉంది, కానీ అప్పటికి ఎవరికీ తట్టలేదు.

పీర్ల పండగకి లైనుకు సెలవు. మతంతో పని లేకుండా అందరమూ చేసుకునేవాళ్లం. ఆ రోజు ఆడవాళ్లందరినీ ఎక్కించాలని అత్త పట్టుదల, తనూ అప్పటిదాకా ఎక్కకుండా ఆగింది. పొద్దెక్కి చక్రానికి అలంకరణ పూర్తయి, మొదటి చుట్టుకి మనుషులు ఎగబడుతుంటే, గుర్రం మీద కులంబరు దిగాడు. పొలం మీద అజమాయిషీ చేసే తెల్లదొరని మేం కులంబరు అనేవాళ్లం. వెనకే ఆయన సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, చాడీ మోసుకొచ్చిన ముఖంతో.

"ఈ ఇరుసు కంపెనీది. సాయంత్రానికి ఇదంతా తోడ్ డాలో. కర్ర నా వంటింటికి," అన్నాడు దొర.

ఆడవాళ్లందరూ అత్త వైపు చూశారు. నాన్న "అక్కా, నోరు మూసుకో" అని గొణిగాడు.

"నువ్వు ఎద్దుల్ని సూసుకోరా," అని అత్త కొంగు బిగించి ముందుకొచ్చింది. "ఇరగ్గొడతాం దొరా. నీ మాట కాదనేదెవరు? కానీ ఇరగ్గొట్టేదేటో ఓపాలి ఎక్కి సూడు. ఎక్కలేదంటే మరి, మావోళ్లు నీకు బయ్యమనుకుంటారు."

సర్దారు పక్కకి తిరిగి దగ్గాడు. ఇంతమంది చూస్తుండగా భయం లేదని నిరూపించుకోవడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి ఉండదు. ఆయన అదే చేశాడు. పెట్టెలో ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన బరువుకి సరితూగడానికి ఎదుటి పెట్టెలో ఇసక బస్తాల్నీ నన్నూ పడేశారు. నాన్న ఎద్దుల్ని అదిలించాడు. దొర పైకి, నేను కిందికి. సరిగ్గా ఆయన శిఖరానికి చేరేసరికి మిల్లు విజిలు కూసింది. ఎద్దులు ఆగిపోయాయి.

అన్నం విజిలది. లైనుకు సెలవేగానీ మిల్లుకు లేదు. మేం తిప్పి చూసినవన్నీ ఆదివారాలు, ఆదివారం మిల్లు కుయ్యదు. ఆ ఎద్దులు పుట్టి బుద్ధెరిగింది మొదలు ఒక విజిలుకి ఆగి, రెండో విజిలు దాకా అడుగు వెయ్యకుండా నిలబడేవి. ఇప్పుడూ నిలబడ్డాయి, నెమరేస్తూ.

"హమ్‌కే నీచే ఉతారో!" దించమని పైనుంచి కేక. టోపీ ఊడి కిందపడింది. సర్దారు దాన్ని పట్టుకుని, పైకి ఎలా అందించాలో తెలియక తన గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

"ఎద్దులు కదలవు దొరా," అన్నాడు నాన్న.

"మారో! కొట్టు!"

"అదేటి దొరా!" అత్త నడుం మీద చెయ్యి వేసుకుంది. "అన్నం ఏళ ఎద్దు మీద సెయ్యేస్తే నీ ఈపు సీరేస్తానని మా తమ్ముడికి సెప్పింది నువ్వు కాదేటి? నీ మాట నీకే సెల్లదా?"

"తాడు విప్పండి!"

"ఇప్పితే సక్రం దానిష్టం."

నేను ఇదే సందని పెట్టెలోంచి కాలు బయట పెట్టాను. "ఒసే! నువ్వు దిగితే ఆయనా దిగుతాడు, బేగి దిగుతాడు! కూకో!" అని అరిచింది అత్త. నేను కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం కంపెనీ పరువంతా ఇసక బస్తాల పక్కన ఊడిన పంటితో కూర్చున్న నా మీద ఆధారపడి ఉంది. ఆ తర్వాత కాలేజీ చదువు చదివాను, నటబువా బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను, అంత బాధ్యత మళ్లీ ఎవరూ నాకు అప్పజెప్పలేదు.

లైను లైనంతా అక్కడే భోజనాలకి కూర్చుంది. దొర కాసేపు కోర్టుకీడుస్తానన్నాడు, జైలన్నాడు. అత్త రొట్టె నములుతూ తలెత్తి చూసింది.

"పద దొరా, కోర్టుకే పోదాం. మేజిస్ట్రేటు అడుగుతాడు గదా, ఏం జరిగిందీ అని. మొదటినుంచీ సెప్తాను. టోపీ సంగతి కూడా సెప్తాను."

పైన దొర పెట్టెలో ఇంకాస్త కిందికి ముడుచుకున్నాడు.

రెండో విజిలు కూసింది. ఎవరూ చెప్పకుండానే ఎద్దులు కదిలాయి. దొర దిగాడు, టోపీ పెట్టుకున్నాడు, ఇరుసుని బూటుకాలితో ఓసారి తన్నాడు. "పురానా కచరా, పాత చెత్త," అని సర్దారుతో అన్నాడు. "కంపెనీకి అక్కర్లేదు." గుర్రం ఎక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు అత్త ఎక్కింది. అందరం కింద నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. "సముద్రం కనబడిందా అత్తా?" అని అరిచాను.

"అదెక్కడికి పోద్దే? అక్కడే ఉంది," అంది పైనుంచి. "ఇటు సూసినావా, కులంబరు ఇల్లు ఎంత సిన్నదో!"

ఆ మాట వినగానే ఆడవాళ్లందరూ ఒక్కసారిగా పెట్టెల మీద పడ్డారు. ఎవరికీ సముద్రం అక్కర్లేకపోయింది. అందరూ ఆ ఇల్లే చూసి దిగారు. మా గిర్మిట్ ముగిసి లైను వదిలేదాకా చక్రం అక్కడే తిరిగింది. తర్వాత్తర్వాత దాన్ని మా నాన్న కట్టాడని చెప్పుకునేవాళ్లు మొదలయ్యారు. నాన్న గోతులు తవ్వాడు, మేకులు కొట్టాడు, గుమ్మడికాయ తిన్నాడు. కట్టింది మా అత్త. ఈ విషయంలో బంధువుల పెళ్లిళ్లలో కూడా నేను తగ్గను.

మొన్న లౌటోకాలో కరెంటు చక్రం నన్ను పైకి తీసుకెళ్లి, ఇంకెవరినో ఎక్కించుకోవడానికి ఆగింది. సముద్రం కనబడింది, మిల్లు పొగగొట్టం కనబడింది. పెద్దింటి కప్పు ఏదైనా చిన్నగా కనబడుతుందేమోనని ఈ వయసులో మెడ సాచి వెతికాను. సరిగ్గా అప్పుడే మిల్లు విజిలు కూసింది. నాకు తెలియకుండానే కిందికి వంగి, "ఒరేయ్, ఎద్దుల్ని కొట్టకండిరా!" అని అరిచాను.

చక్రం తిప్పే కుర్రాడు తలెత్తి చూశాడు. "మౌసీ, ఠీక్ సే బైఠో," అన్నాడు. బుద్ధిగా కూర్చున్నాను. ఎవరికి తెలుసు, నా ఎదుటి పెట్టెలో ఎవరున్నారో.