కింది గొంతుల వరుస

ఆదివారం పొద్దున్నే సినిమా హాలు తలుపు తెరవగానే, ముందురోజు ఆటలో మిగిలిపోయిన మక్క పేలాల వాసన ముఖానికి తగులుతుంది. వెంటనే నాకు సుగుణబాయి గుర్తుకొస్తారు. మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో బడి పంతులమ్మను బాయి అనే పిలుస్తాం. ఆమె రాజురా దగ్గరి తెలుగు రైతుల బిడ్డ. మరాఠీ బడిలో సంగీతం నేర్పి రిటైరయ్యారు. ఉదయం ఆటలు ఆగిపోయిన ఈ హాలును యజమానిని అడిగి తీసుకుని, వారానికోసారి ఊళ్లోవాళ్లందరి చేత కలిసి పాడించేవారు. మాలో చాలామందికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. అందుకని తెలుగు పాటలను కూడా మరాఠీ అక్షరాల్లో తెర మీద వేయించేవారు.

తుకుం పేటలోని మా మందుల దుకాణానికి ఆమె బీపీ మాత్రల కోసం వచ్చేవారు. నాది మగవాళ్ల గొంతులా బరువైన గొంతు. ఫోనులో అందరూ నన్ను "భయ్యా" అనేవారు. అవసరమైతే తప్ప నోరు విప్పేదాన్ని కాదు. ఒకరోజు మాత్రలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెబుతుంటే, ఆమె చీటీ పక్కన పెట్టి నన్నే చూశారు.

"ఏం గొంతే నీది! ఆదివారం హాలుకు రా."

"నాకు పాడరాదు బాయీ. అందరు నవ్వుతరు."

"నవ్వితే నేనున్న గద!"

వెళ్లాను. పాటను రెండు గొంతుల్లో పాడించేవారు, పై స్థాయిలో ఆడవాళ్లు, కింది స్థాయిలో మగవాళ్లు. నన్ను మగవాళ్ల వైపు కూర్చోబెట్టారు. రెండో చరణంలో ముందు వరుసలోని ఒకాయన వెనక్కి తిరిగి చూసి, పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పాట మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేశాను.

మర్నాడు దుకాణం తెరిచేసరికి బాయి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఓదారుస్తారేమో అనుకున్నాను.

"నిన్ను గాడ కూసోబెట్టుడు నా తప్పు బిడ్డా," అన్నారు. "నీ గొంతు ఇన్న గని, నీ మనసు సూడలే."

అంత పెద్దావిడ నా ముందు తప్పు ఒప్పుకోవడం నాకు కొత్త. లోపలికి పిలిచి కుర్చీ వేశాను.

తర్వాతి ఆదివారం హాలు నడిమధ్యలో ఒక కొత్త వరుస వెలిసింది. బల్లార్‌పూర్ నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే రాజవ్వ, రిటైరైన ఒక నర్సు, నేను. ముగ్గురివీ లోతైన గొంతులే. వాళ్లిద్దరినీ వెతికి పట్టుకోవడానికి బాయి వారమంతా తిరిగారట.

"గీళ్లు మన కింది గొంతులు," అని మైకులో చెప్పారు. "గీళ్లు పట్టుకుంటేనే పాట నిలవడతది."

రాజవ్వ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. మేం ముగ్గురం ఎత్తుకున్నాం. మా మీదికి పై గొంతులన్నీ వచ్చి చేరేసరికి ఒళ్లు జలదరించింది. అంతకుముందు వారం వెనక్కి తిరిగి చూసి నవ్విన పెద్దమనిషి మధ్యలో రాగం తప్పి, దిక్కులు చూసి, మా వైపు చెవిపెట్టి మళ్లీ అందుకున్నాడు. ఈసారి నాకు నవ్వొచ్చింది.

పోయిన వానాకాలంలో బాయి చనిపోయారు. ఇప్పుడు పాడించేది నేనే. శ్రుతి తప్పినవాళ్లను ఆమె ఏనాడూ వేలెత్తి చూపలేదు. మెల్లగా వెళ్లి పక్కన నిలబడి, వాళ్లకు మాత్రమే వినబడేంతగా పాడేవారు. నేనూ అదే చేస్తున్నాను. మొన్న ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన ఒకాయన, తెర వంక చూస్తూ పెదాలు మాత్రమే కదుపుతున్నాడు. వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. మూడో చరణానికి ఆయన గొంతు కూడా వినిపించింది.