వదులు మంచం

ఆలూరు చుట్టుపక్కల పది ఊళ్లలో ఎవరికి మంచం అల్లించాలన్నా కంబన్నకే కబురు వచ్చేది. కిత్తనార తనే నానబెట్టి, తనే దంచి, తనే నులక పేనుకొనేవాడు. పందిరి కింద మంచం పట్టెలు ముందు పెట్టుకొని కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేవాడు కాడు. అల్లిక అయ్యాక మోకాలితో అదిమి చూసేవాడు. నులక ఏమాత్రం కిందికి దిగినా మొత్తం విప్పి మళ్లీ మొదలు పెట్టేవాడు.

"మనిషి పండుకొన్న సంగతి మంచానికి తెలియగూడదప్పా" అనేవాడు.

ముప్పై ఏండ్లలో కంబన్న మంచం వదులని ఎవరూ అనలేదు. ఎకరన్నర చేను ఉండేది. వానొస్తే కొర్రలు, లేకుంటే దుమ్ము. పేరు మాత్రం ఏ ఏడూ ఎండలేదు.

కర్నూలు రాజధాని అయి, గుడారాల్లో సర్కారు కచేరీలు పెట్టిన ఏడాది, కంబన్న కోడలు గంగక్క రెండోసారి కడుపుతో ఉంది. మాఘమాసానికి నెలలు నిండుతాయి. పెద్దబిడ్డ ఉరుకుందమ్మకు మూడో ఏడు నడుస్తోంది. ఆ పిల్ల ఇంకా చీర ఉయ్యాలలోనే పడుకొనేది. నడింట్లో దూలానికి కట్టిన ఉయ్యాల అది. రెండో ఉయ్యాల కట్టడానికి ఆ ఇంట్లో ఇంకో దూలం లేదు.

వాళ్ల ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పెద్దబిడ్డ ఉయ్యాలను తనంతట తాను వదలాలి. అప్పుడు చీర విప్పి, ఉతికి, ఆరేసి, మళ్లీ కట్టి చిన్నబిడ్డను వేస్తారు. పెద్దదాన్ని ఏడిపించి దించితే ఆ ఏడుపు చిన్నదానికి తగులుతుందని వాళ్ల నమ్మకం.

కంబన్న భార్య సుంకులమ్మకు ఆ దిగులే పట్టుకొంది. చాప వేసింది. బొంత పరిచింది. తన పక్కన పడుకోబెట్టుకొంది. పిల్ల కాసేపు కండ్లు మూసుకొన్నట్టు నటించి, లేచి ఉయ్యాల కిందికి పోయి రెండు చేతులూ పైకెత్తి నిలబడేది.

"ఏమయ్యా, తాలూకా అంతా నిద్రబుచ్చుతాండావు. ఇంట్లో పిల్లను నిద్రబుచ్చలేవా?" అంది ఒకరోజు.

కంబన్నకు ఆ మాట గుచ్చుకొంది. మరునాడే వేపకొయ్య తెచ్చి, పిల్లకని చిన్న మంచం చేశాడు. జానెడు ఎత్తు మంచం కోళ్లు, మూరన్నర వెడల్పు. పడినా దెబ్బ తగలదు. సన్నంగా పేనిన కొత్త నులకతో మూడు రోజులు అల్లాడు. అంత చిన్న మంచానికి అన్ని రోజులు ఎన్నడూ పట్టలేదు. మోకాలితో అదిమి చూశాడు. బండలా నిలబడింది. మొదటిసారి తన పనిని చూసి తనే నవ్వుకొన్నాడు.

మధ్యాహ్నం ఉరుకుందమ్మను దాని మీద పడుకోబెట్టారు. పిల్ల వెల్లకిలా పడుకొని పైకప్పు చూసింది. పక్కకు తిరిగింది. ఇంకో పక్కకు తిరిగింది. నేల మీద పడింది.

"తాతా, గట్టి" అని ఏడ్చింది.

రెండోరోజూ పడింది. మూడోరోజు మంచం దగ్గరికే రాలేదు.

సుంకులమ్మ చేటలో రాళ్లు ఏరుతూ అంది. "బండ మీద పండుకోబెడితే యాడ నిద్రపోతాది?"

"బిగువు లేనిది మంచమంటారా?"

"దానికేం తెలుసు నీ బిగువు? రెండేండ్లు సంచిలో నిమ్మకాయ మాదిరి పండుకొన్న పిల్ల."

పిల్ల పెరట్లో ఆడుకొంటున్నప్పుడు కంబన్న ఇంట్లోకి పోయి ఉయ్యాలలో చెయ్యి పెట్టాడు. చీర అడుగున పిల్ల నడుము ఉండేచోట గుంట పడి ఉంది. రెండు పక్కలా బట్ట పైకి లేచి చేతిని చుట్టుకొంది. ఎక్కడికి జరిపినా చెయ్యి ఆ గుంటలోకే వచ్చింది.

తర్వాత పందిరి కిందికి వచ్చి మంచం కాళ్ల దిక్కున్న బిగింపు తాడు విప్పాడు. ఒక మెలి వదిలాడు. చెయ్యి ఆగిపోయింది. ఇంకొకటి వదిలాడు. మొత్తం ఎనిమిది. అల్లిక నడుమ జారి, ఎండిన కుంట అడుగులా గుంట పడింది. తన చేతి పనిని తనే చెడగొట్టుకొన్నాడు. దాని మీద పాత చీర మడత పరిచి, పిల్లను ఎత్తుకొచ్చి పడుకోబెట్టాడు.

నులక రెండు పక్కలా పైకి లేచింది. ఉరుకుందమ్మ గుంటలోకి జారి, మోకాళ్లు ముడుచుకొంది. వేలు నోట్లో పెట్టుకొంది. నిద్రపోయింది.

సరిగ్గా అప్పుడే పక్కూరి రైతు దేవేంద్రప్ప వచ్చాడు. కూతురి పెండ్లికి రెండు మంచాలు అల్లించాలని వచ్చినవాడు, పందిరి కిందికి చూసి నోరు తెరిచాడు.

"ఏం కంబన్నా, ఇదెవురు అల్లిండేది? మంచమా, జోలెనా?"

"మెల్లగప్పా, పిల్ల లేస్తాది."

"ఎవురు అల్లిందంటా?"

అబద్ధమాడటం తేలిక. ఆలూరు సంతలో కొన్నానంటే సరిపోయేది.

"నేనే."

దేవేంద్రప్ప పొట్ట పట్టుకొని, పిల్ల లేవకుండా నవ్వాడు. "నీ చేతులకు కూడా వయసైపాయెనా? మా అల్లుడు పండుకొంటే నడుము విరిగి మాకే తిరిగొస్తాడు నాయనా! వేరేవాళ్లను సూసుకొంటాలే."

ఆయన వెళ్లాక సుంకులమ్మ లోపలినుంచి వచ్చింది. "పిల్ల కోసమని చెప్పకపోతివి?"

"చెప్తే నమ్ముతాడా? నవ్వనీలే."

ఆ మాట వారం తిరక్కుండా ఊళ్లో పడింది. బావి దగ్గర ఆడవాళ్లు "మాకూ ఒక జోలె అల్లు మామా" అన్నారు. కంబన్న నీళ్లు తోడుకొని వచ్చేశాడు.

రెండు రోజులకొకసారి, పిల్ల చూడనప్పుడు, తాడు ఒక మెలి బిగించేవాడు. గుంట కొంచెం పైకి వచ్చేది. మధ్యాహ్నమే కాదు, రాత్రి కూడా పిల్ల మంచం మీదే పడుకోవడం మొదలైంది. కానీ తెల్లవారేసరికి ఉయ్యాలలో ఉండేది. ఎవరు ఎక్కించారో ఎవరూ చెప్పేవారు కాదు. గంగక్కకు పిల్ల ఏడుపు వినిపిస్తే మనసు ఆగేది కాదని కంబన్నకు తెలుసు.

"మామా, ఇంగా ఎన్ని మెలికలు ఉండాయి?" అని కోడలు అడిగింది. నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉంది.

"మూడు."

"అన్ని రోజులు నేను ఆగేటట్ల లేనే."

ఆగలేదు. మరునాడు పొద్దు నడినెత్తికి రాకముందే నొప్పులు మొదలయ్యాయి. సుంకులమ్మ మంత్రసానిని పిలిచి తలుపు మూసింది. కొడుకు మారెన్న చేనికాడ ఉన్నాడు. పందిరి కింద కంబన్న, ఉరుకుందమ్మ మిగిలారు. ఉయ్యాల తలుపు అవతల ఉంది.

పిల్లకు నిద్రవేళయింది. కండ్లు నులుముకొంటూ తలుపు దగ్గరికి పోయింది. చేత్తో కొట్టింది. లోపల గంగక్క మూలుగు వినిపించింది. పిల్ల వెనక్కి వచ్చింది.

"తాతా, ఉయ్యాల."

ఈ రోజు ఏడిస్తే, ఇన్నాళ్ల పనీ నీళ్లలో పోసినట్టే. కంబన్న పిల్లను ఎత్తుకొని మంచం మీద పడుకోబెట్టాడు. మూడు మెలికల గుంట మాత్రమే మిగిలి ఉంది. పిల్ల అటూ ఇటూ దొర్లింది. పట్టెను పట్టుకొంది.

"ఊపు" అంది.

మంచం ఎలా ఊపుతారో కంబన్నకు తెలియదు. అరచెయ్యి పిల్ల వీపు మీద పెట్టి మెల్లగా తట్టాడు. నులక లోపల ఎక్కడో కిర్రుమంది. చాలాసేపటికి పిల్ల ఊపిరి నెమ్మదించింది. తట్టడం ఆపాడు. పిల్ల కదలలేదు.

పొద్దు వాలుతుండగా లోపల చిన్న ఏడుపు, ఆ వెంటనే "మగబిడ్డ" అని మంత్రసాని కేక వినబడ్డాయి. ఉరుకుందమ్మ లేచి కూర్చుంది.

"ఎవురు?"

"నీ తమ్ముడు."

పిల్ల తలుపు వైపు చూసింది. తర్వాత మంచం వైపు చూసింది. "యాడ పండుకొంటాడు?"

ఇంటిల్లిపాదీ మూడు నెలలుగా భయపడిన ప్రశ్న అదే. కంబన్న చెబితే అది తన మాట అవుతుంది, పిల్ల మాట కాదు.

పిల్ల ఆలోచించింది. మంచం పట్టె మీద నుంచి వంగి నేలను చూసింది. తను పడినచోటే.

"పడతాడు" అంది. "ఉయ్యాలలో ఎయ్యి తాతా."

కంబన్న లేచాడు. గోడ పట్టుకొని తలుపు దాకా నడిచాడు.

"ఏమేవ్, సుంకులూ" అని పిలిచాడు. "పిల్ల ఉయ్యాల ఇడిసింది. చీర విప్పి ఉతుకు."