తువ్వాలు కప్పి ఎంచిన పాటపెట్టెలు

మాన్యులైన శ్రవణ మిత్రమండలి సభ్యులకు,

నమస్కారములు. ఈ లేఖకు తేదీ గాని, ఊరి పేరు గాని వేయడం లేదు. తెలియవలసినవారికి రెండూ తెలుసు.

మా బావగారు, అనగా మా అక్క భర్త, కాలం చేశారు. ఈ వార్త మీకు కొత్తది కాదు. మీలో చాలామంది వచ్చి దండ వేసి వెళ్లారు. మండలి తరఫున ఫోన్లలో తిరిగిన సందేశంలో ‘శ్రద్ధాంజలి’కి ఒత్తు లోపించింది. జీవితమంతా పిల్లల చేత ఒత్తులు దిద్దించినవాణ్ణి కనుక అది నా కంట పడింది. దాన్ని క్షమించగలను. చితి చల్లారకముందే మీ కార్యదర్శిగారి నుంచి నాకు వచ్చిన ఫోనును మాత్రం క్షమించలేను.

“మాష్టారూ, ఇది సమయం కాదనుకోండి. ఇంతకీ ఆ డాక్ సంగతి ఇంట్లో ఏమనుకుంటున్నారు?” అని ఆయన అడిగారు.

“ఏమనుకోవాలండీ?” అన్నాను.

“అదేనండీ, అంత మంచి సెట్టు మూలన పడిపోకూడదు కదా. అమ్మగారికి దాంతో పనేముంటుంది?”

బావగారిని తలచుకుంటూ నాలుగు మాటలు రాయమని మీరే కోరారు. రాస్తున్నాను. కానీ ఆ ఆఖరి ప్రశ్నకు సమాధానంగా రాస్తున్నాను.

మండలిలో కొత్తగా చేరినవారి కోసం ఒక్క మాట. ఇప్పటి పాట అంకెల రూపంలో ఇంటికి వస్తుంది. ఇంటర్నెట్ నుంచో, డిస్కు నుంచో దాన్ని తెచ్చి అందించే పెట్టె స్ట్రీమర్. ఆ అంకెలను తిరిగి శబ్దంగా మార్చే పెట్టె డాక్. ఈ రెండింటినీ మా బావగారు ఎంత శ్రద్ధగా ఎంచుకున్నారో మీరు సభల్లో చెప్పుకుంటూనే ఉన్నారు. ఎవరి కోసం ఎంచుకున్నారో, ఎవరి చెవితో ఎంచుకున్నారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఆయన గుంటూరు యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారి. తెల్లని పంచె, భుజాన తువ్వాలు, మాట మధ్యలో పొడి దగ్గు. ఘాటు మధ్య బతికినవారికి ఆ దగ్గు తప్పదు. కాయను గుప్పిట్లో పట్టి చెవి దగ్గర ఆడించి, లోపలి గింజ చప్పుడును బట్టి అది ఎంత ఎండిందో చెప్పేవారు. మీరు ఆయనకు బంగారు చెవి అంటగట్టడానికి ఈ ముచ్చటే కారణమనుకుంటాను. ఆ చెవి సంగతి ఆయనకే బాగా తెలుసు. “నా చెవులు వేలంపాటల కేకలకే అరిగిపోయాయి మాష్టారూ. ఇప్పుడు వీణకీ వయొలిన్‌కీ తేడా తెలిస్తే అదే పదివేలు” అని నవ్వేవారు.

చెవి ఉన్నది మా అక్కకు. చీరాలలో మా చిన్నతనంలో వీధి చివర ఇంట్లో వీణ నేర్చుకుంది. పెళ్లయిన తరువాత వీణ అటకెక్కింది గాని, వినికిడి ఎక్కలేదు. చక్కెర వ్యాధి వల్ల చూపు మందగించి, పుస్తకమూ టీవీ రెండూ దూరమైనప్పుడు ఆమెకు మిగిలింది పాట ఒక్కటే. ఫోనులో వచ్చే పాటను ఆమె భరించలేకపోయేది. “రేకు డబ్బాలో కూర్చుని పాడుతున్నట్టుంది, కట్టేయండి” అనేది. ఆ మాట విన్న నాటి నుంచి బావగారు మంచి డాక్ కోసం వెతకడం మొదలుపెట్టారు.

విజయవాడ నుంచి ఒక దుకాణం అబ్బాయి రెండు డాక్‌లు తెచ్చిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. మీ కార్యదర్శిగారూ, మరికొందరు మండలి పెద్దలూ ఉన్నారు. ఒకటి మీ అందరి నోళ్లలో నలిగే పెద్ద పేరు. రెండోది ఎవరూ ఎరగని పేరు. బావగారు భుజం మీది తువ్వాలు తీసి రెండింటి మీదా కప్పారు.

“ఏమిటండీ, పెట్టెలకు చలేస్తోందా?” అన్నారు కార్యదర్శిగారు.

“మా కాలంలో బేరం ఇలాగే చేసేవాళ్లమండీ. అమ్మేవాడి చెయ్యీ, కొనేవాడి చెయ్యీ తువ్వాలు కింద. ధర వేళ్లకి తెలియాలి గాని చుట్టూ మూగినవాళ్లకి కాదు. ఇక్కడా అంతే. పేరు కనపడితే మీరంతా పేరు వింటారు, పాట వినరు.”

ఆ అబ్బాయి ఒకే పాటను ఒక డాక్‌లోనూ తరువాత రెండో డాక్‌లోనూ పెట్టాడు. మొదటిది మోగగానే మండలి పెద్దలు తలలూపారు. అక్క ఊపలేదు.

“అబ్బాయ్, ఇది మంచిగా లేదు, గట్టిగా ఉందంతే. రెండిటి మోతా సమానంగా పెట్టి వినిపించు” అంది.

దుకాణం అబ్బాయి తల గోక్కున్నాడు. బావగారు పగలబడి నవ్వారు. “తూకం కోసం మిర్చి టిక్కీ బస్తాలో తడికాయ కలిపినట్టుందయ్యా నీ పని. మా దగ్గరా ఈ వేషాలు?”

మోత సమానం చేశాక అక్క మళ్లీ విన్నది. బావగారు ఏ పెట్టె మోగుతున్నదో చెప్పకుండా అటూ ఇటూ మార్చారు. ఎన్నిసార్లు మార్చినా ఆమె ఒకే పెట్టెను కోరింది. “ఇందులో తంబురా తీగ మీటాక ఆ నాదం ఎక్కడ ఆగిందో తెలుస్తోంది. పాడే ఆవిడ చరణం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకున్నదీ తెలుస్తోంది. ఆ ఇంకోదాంట్లో మెరుపు తప్ప మనిషి లేదు.” తువ్వాలు తీశారు. ఆమె కోరినది ఎవరూ ఎరగని పేరు.

స్ట్రీమర్ల వంతు వచ్చినప్పుడు ఆమె అంతే నిక్కచ్చిగా ఇంకో మాట చెప్పింది. “ఈ రెండూ ఒకటే. నాకేం తేడా తెలియడం లేదు. ఊరికే మార్చి నా ప్రాణం తీయకండి.” తేడా ఉన్నప్పుడు ఉన్నదనీ, లేనప్పుడు లేదనీ చెప్పగలగడమే వినడం. మీ సమావేశాల్లో ప్రతి తీగకూ, ప్రతి పెట్టెకూ ఏదో ఒక తేడా వినిపించడం చూశాను గనుక ఈ మాట నొక్కి రాస్తున్నాను.

“అయితే ముందువైపు మీటలున్నది ఇవ్వు” అన్నారు బావగారు.

“ఇప్పుడంతా ఫోన్ యాప్‌లోనే సార్. మీటలది పాత పద్ధతి” అన్నాడు అబ్బాయి.

“ఫోను అద్దం మా ఆవిడకి కనపడదయ్యా. వేలికి తగలాలి.”

మరునాడే ఆయన పాట మొదలయ్యే మీట మీద రాయి పొదిగిన బొట్టుబిళ్ల ఒకటి అంటించారు. అక్క వేలితో తడిమి దాన్ని పట్టుకునేది. సాయంత్రాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. ఆమె పాట వినేది. ఆయన ఆమె ముఖం చూసేవారు. “నాకు సగం వినపడదు మాష్టారూ. మీ అక్క కనుబొమలు చూస్తే పాట ఎక్కడికొచ్చిందో తెలిసిపోతుంది” అని నాతో ఒకసారి అన్నారు. ఇంతకంటె గొప్ప శ్రోతను నేను ఎరగను. మా అక్కతో అలా కాపురం చేసినందుకు ఆయనకు ఋణపడి ఉన్నాను.

ఇక మీ సన్మానం. “బంగారు చెవి గల రసజ్ఞుడు” అంటూ ఆయనకు శాలువా కప్పారు. ఆయన వేదిక మీదే దాన్ని తీసి, మెట్లు దిగి వచ్చి, ముందు వరుసలో కూర్చున్న అక్కకు కప్పారు. “ఎంచింది ఈవిడండీ. నేను తువ్వాలు పట్టుకున్నానంతే” అని అందరికీ వినపడేలా చెప్పారు. మీరు చప్పట్లు కొట్టారు. భార్య మీద ఎంత ప్రేమ అన్నారు. మీ సంచికలో ‘నిగర్వి’ అని అచ్చు వేశారు. ఆయన చూపించినది ప్రేమ మాత్రమే కాదు, వినయం అసలే కాదు. జరిగినది జరిగినట్టు చెప్పారు. నిజం చెప్పినవాణ్ణి నిగర్వి అని మెచ్చుకోవడం, ఆ నిజాన్ని వినకుండా తప్పించుకోవడానికి మీరు కనిపెట్టిన మర్యాద.

ఆ మర్యాద ఫలితం పెద్దకర్మ నాడు బయటపడింది. మన ఆచారం ప్రకారం పోయినవారి మంచం, పరుపు, గొడుగు, చెప్పులు దానమిస్తాం. ఆయన ఇష్టపడ్డ వస్తువులను ఇంట్లో ఉంచకూడదంటారు. వరండాలో పెద్దలు అవి లెక్క చూస్తుండగా కార్యదర్శిగారు ముందుకు వచ్చి, “ఆ సెట్టు మండలి హాలుకు ఇప్పిస్తే బావుంటుందండీ, ఆయన పేరు రాయించి పెడతాం” అన్నారు. మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగం చేసే మా మేనల్లుడు, తండ్రిని పోగొట్టుకున్న దుఃఖంలో, సరేనన్నాడు. తల్లిని అడగలేదు.

లోపలి గదిలోంచి గోడ పట్టుకుంటూ అక్క వచ్చింది.

“ఏరా, ఏమిస్తానన్నావు?”

“నాన్న సెట్టమ్మా. నాన్నకి ఇష్టమైంది కదా అని.”

“మీ నాన్న మంచం ఇవ్వు. గొడుగివ్వు. ఆయన పంచెలన్నీ ఇచ్చెయ్యి, నేనేమీ అనను. నా చెవులు దానమివ్వడానికి నువ్వెవడివిరా?”

కార్యదర్శిగారు, “పాపం, బాధలో ఉన్నారు” అని పక్కాయనతో అనడం నేను విన్నాను. అక్కా విన్నది. ఆమెకు చూపే తక్కువ.

“మాటిచ్చేశాను మామయ్యా. సెట్టు పుచ్చుకుంటున్నట్టు మండలివాళ్లు తీర్మానం కూడా రాసుకున్నారట, ఇప్పుడెలా కాదంటాను?” అని మేనల్లుడు నా దగ్గర నీళ్లు నమిలాడు. వాడు కాదనలేడు కనుక నేను అంటున్నాను. ఆ పెట్టెలు పోయినవారి వస్తువులు కావు. బతికి ఉన్న మనిషివి. దానమిచ్చే హక్కు కొడుక్కి లేదు, పుచ్చుకునే అర్హత మీకు లేదు. బావగారి పేరు మీ గోడకు ఎక్కకపోయినా ఆయనకు వచ్చే లోటేమీ లేదు. ఆయన చేసిన పని అక్క ఇంట్లో రోజూ సాయంత్రం మోగితే చాలు.

మొన్న సాయంత్రం అక్క పాట పెట్టమంది. రెండు క్షణాలు విని ఆపేసింది.

“ఎవరో స్పీకరు కదిపార్రా. పాడే మనిషి ఎడమ గోడలోకి పోయింది.”

చూస్తే నిజమే. ఎత్తుకుపోవడానికి కొలతలు చూసుకున్నవారెవరో కుడివైపు స్పీకరును వెనక్కి నెట్టారు. నేల మీద దాని పాత గుర్తు దుమ్ములో తేటగా ఉంది. నేను ముందుకు జరిపాను. “ఇంకొంచెం,” అంది. జరిపాను. “ఇప్పుడు బావుందా అక్కా?” అన్నాను.

“మాట్లాడకు. విననీ.”

ఆమె కనుబొమలు పైకి లేచి, అక్కడే నిలిచాయి. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. నేను దానిలో కూర్చోలేక నిలబడే విన్నాను.

కార్యదర్శిగారికి మనవి. వచ్చే సమావేశంలో తీర్మానం చదవకముందే ఈ లేఖను మీరే, మీ గొంతుతోనే, మొదటినుంచీ చివరిదాకా బిగ్గరగా చదవండి. మైకు వద్దు. ఒత్తులు పలకండి. చదివిన తరువాత తీర్మానాన్ని ఏం చేయాలో సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ వేళకు మా అక్క ఇంట్లో పాట వింటూ ఉంటుంది. ఎవరూ వెళ్లి తలుపు తట్టవద్దు.