ముద్ర పడని వేళ్లు

నా కూతురు చనిపోయింది. తొలి వానలప్పుడు జ్వరమని పడుకుంది. నంద్యాల ఆసుపత్రిలో చేర్చాము. మాట్లాడుతూ ఇంటికి వస్తుందనుకున్నాము, రాలేదు. ఈ సంగతి ఇంకా తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. నంద్యాల బస్టాండు దగ్గర ఆమె పనిచేసిన విమానం టికెట్ల అంగడికి వచ్చి, "ఆ పాప యాడికి పోయింది? మాకు ఆ పాపే చెప్పాల" అని అడుగుతున్నారట. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. తప్పులుంటే మీరే దిద్దుకొని చదువుకోండి.

మాది ఆళ్లగడ్డ. మా ఆయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. చెక్కిన విగ్రహాన్ని నీళ్లు పోసి, సానరాయితో నున్నగా రుద్దే పని నాది. పాప రోజూ బస్సులో నంద్యాలకు పోయి వచ్చేది. కువైట్‌కు వంటపనికి పోయే ఆడవాళ్లు, బిడ్డ కాన్పుకని పోయే తల్లులు, పెండ్లిళ్లకు పోయేవాళ్లు, అందరూ ఆమె ముందు కూర్చునేవాళ్లు. టికెట్టు చేతికిచ్చి పంపేసేది కాదు. ఏ సంచిలో ఏం పెట్టాలో, ఏ గేటు దగ్గర ఏం చూపించాలో నోటికి వచ్చేదాకా చెప్పించుకునేది. ఆమె మాత్రం ఎప్పుడూ విమానం ఎక్కలేదు. "మా పాపకు ఎక్కడం తెల్దు, ఎక్కించడం తెల్సు" అని వాళ్ల నాయన నవ్వేవాడు.

ఎవరైనా అడగాలా వద్దా అని నీళ్లు నములుతుంటే ఊరుకునేది కాదు. "అడిగేదుంటే అడుగు, లేకుంటే లైన్లోంచి జరుగు, ఎనక జనాలుండారు" అనేది. అనేసి నవ్వేది. ఆ నవ్వుకే వాళ్ల నోరు తెరుచుకునేది.

మా ఎదురింటి పిల్ల నా కూతురికి చిన్నప్పటినుంచి స్నేహితురాలు. ఆ పిల్లకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి లారీ మీద ఊర్లు తిరిగేవాడు. అందుకని మా వంటింట్లోనే పెరిగింది, నన్ను పెద్దమ్మా అంటుంది. చదువుకొని మలేషియాలో ఉద్యోగానికి పోయింది. అక్కడే, తాతల కాలంలో పోయి స్థిరపడిన తెలుగు వాళ్ల అబ్బాయితో పెండ్లి కుదిరింది. కార్తీకంలో ముహూర్తం. తల్లి లేదు కాబట్టి ఒడిబియ్యం నేనే పోయాలని ఫోన్లో అడిగింది. పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం పెండ్లికూతురి కొంగులో పోస్తారు కదా, అది. నేను నోరు తెరవకముందే నా కూతురు, "వస్తాది, నేను తోలుకొస్తా" అని మాట ఇచ్చేసింది.

అప్పటినుంచి నాకు భయం పట్టుకుంది. విమానమంటే భయం, ఇంగ్లీషు అంటే భయం, తప్పిపోతానని భయం. పాప ఇంట్లోనే నాకు నేర్పడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేసి కూర్చోబెట్టి, వాళ్ల నాయన తువ్వాలు నా నడుముకు బెల్టులాగా కట్టేది.

"పెండ్లికి కట్టుకునే చీర, జాకెట్టు చేతిసంచిలోనే పెట్టుకోవాల. పెద్దపెట్టె ఇంకో ఊరికి పోయిందనుకో, ఏం కట్టుకోని పోతావ్?"

"పెట్టె యాడికి పోతాది పాపా? కాళ్లుండాయా దానికి?"

"పోతాదిమా. మనిషి కంటే ముందు అదే తప్పిపోతాది."

పెండ్లిపత్రికలో మండపం అడ్రసు ఉంటుంది, దాన్ని చేతిలోనే ఉంచుకోవాలంది. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి పెట్టెలో, ఒకటి రవికలో. దిగకముందే ఫోన్లో నింపే కార్డు ఉంటుంది, అది ఇంట్లోనే నింపుకోవాలి. అక్కడి కరెంటు ప్లగ్గులో మన ఫోను పిన్ను పట్టదు, వేరే పిన్ను ముందే కొనుక్కోవాలి. ఊరగాయ నూనెతో ఉంటుంది, చేతిసంచిలో వద్దు. బియ్యం, పండ్లు, ఆకులు దేశం దాటనివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. పసుపు మాత్రం సీలు వేసిన పొట్లం తీసుకుపోవచ్చు. ఎండుకొబ్బరి చిప్పలు అసలే వద్దు, వాటిలో నూనె ఉంటుంది, అంటుకుంటాయని విమానం ఎక్కనివ్వరు.

"కొబ్బరి లేకుండా ఒడి నింపుతారా ఎవురన్నా?" అని నేను గొడవపడ్డాను.

"మలేషియాలో కొబ్బరిచెట్లు లేవా? నంద్యాల కంటే జాస్తి ఉంటాయిమా!"

ఇవన్నీ రాసిస్తే నేను తడుముకుంటూ చదువుతానని నోటితోనే చెప్పేది. చివర్లో ఎప్పుడూ ఒకే మాట. "ఏదన్నా తెలీకపోతే తెల్దు అని చెప్పు. తెల్దు అని చెప్పేదానికి దుడ్లు అడగరుమా."

అన్నింటికంటే నాకు భయం వేలిముద్ర మిషను. అక్కడ దిగగానే రెండు చూపుడు వేళ్లు అద్దం మీద పెట్టాలంది. మా రాతి పని ఆడవాళ్లకు వేళ్ల మీద గీతలుండవు. రాయిని రుద్దీ రుద్దీ రాయితోపాటు మా వేళ్లూ నున్నగా అయిపోతాయి. రేషను అంగట్లో నా వేలు ఎప్పుడూ ఒక్కసారికి పడదు. "మిషను నన్ను మనిషి కాదంటే ఆడనే జైల్లో పెడతారేమో" అన్నాను. పాప నా వేళ్లు పట్టుకొని నోటితో ఊది వెచ్చగా చేసింది. తన ఫోను అద్దం మీద పెట్టమంది. నేను గట్టిగా అదిమాను.

"అట్ల కాదుమా. అది రాయి కాదు రుద్దేదానికి. చంటిబిడ్డ బుగ్గ మీద పెట్టినట్ల ఊరికే ఆనించు."

ఆ తర్వాత కొన్నాళ్లకే జ్వరం వచ్చింది. దాని గురించి ఎక్కువ రాయలేను. ఆసుపత్రిలో నేను పాప చేయి పట్టుకొని ఉన్నాను, అంతే.

పెండ్లి దగ్గరకు వచ్చింది. నేను పోకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను. మా పెద్ద ఆడబిడ్డ ఇంటికి వచ్చి చెప్పింది కూడా. "మేయ్, ఏడాది తిరగని ఇల్లు నీది. ఆ చేత్తో పెండ్లికూతురికి ఒడిబియ్యం పోస్తావా? రేపు ఆ పిల్లకేమన్నా అయితే ఎవురిని అంటారు?" ఆమె చెడ్డది కాదు, పాప కోసం నాతో కలిసి ఏడ్చిన మనిషి. అందుకే ఆ మాట నాలో దిగిపోయింది. ఒక బిడ్డ పోయింది. నా చేతి మూలాన ఇంకో బిడ్డకు ఏమైనా అయితే? అన్నం తింటున్నా అదే, విగ్రహం రుద్దుతున్నా అదే.

ఎదురింటి పిల్లకు ఫోన్ చేసి రానని చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. "నువ్వు రాకపోతే నా ఒడి ఖాళీగానే ఉంటాది పెద్దమ్మా. ఇంకెవురితోనూ పోయించుకోను" అని పెట్టేసింది. పక్కనే ఉలి నూరుకుంటున్న మా ఆయన తలెత్తకుండా అన్నాడు, "మాట ఇచ్చింది నువ్వు కాదు, నా కూతురు. అది ఇచ్చిన మాట నువ్వెట్ల వద్దంటావ్?"

ఆయనకు పాస్‌పోర్టు లేదు. శంషాబాద్ దాకా వచ్చి గేటు బయట ఆగిపోయాడు. నా చేతులు వణకడం చూసి, "రాయికి తొలి దెబ్బ కొట్టేటప్పుడు నాకూ చేతులు వణుకుతాయిమే. ఎవురికీ చెప్పను, అంతే" అన్నాడు.

లోపల సంచి మిషనులో పోతూ ఆగిపోయింది. ఒక ఉద్యోగి చీర మడతలు విప్పితే అందులోంచి ఎండుకొబ్బరి చిప్పలు దొర్లాయి. ఖాళీ ఒడి అపశకునమనే భయంతో నేనే దాచాను. "అమ్మా, ఇవి పోనివ్వరు" అన్నాడు. నా నోట్లోంచి "తెల్దు నాయనా" అని వచ్చింది. నిజానికి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు. పాప చూసి ఉంటే ఊరంతా చెప్పి నవ్వి ఉండేది.

విమానం పైకి లేచేటప్పుడు కళ్లు మూసుకున్నాను. బెల్టు ముట్టుకుంటే తువ్వాలు గుర్తొచ్చింది. పక్క సీట్లో ఎవరో పెద్దమనిషి కూర్చున్నాడు. కిటికీ పక్కన తనే కూర్చుంటానని పాప అనేది. ఆ కిటికీ సీటు నాకే వచ్చింది. దిగేదాకా బయటికి చూడలేదు.

అక్కడ దిగాక పెద్ద లైను. నా ముందున్నవాళ్లు ఒక్కొక్కరే వేళ్లు పెట్టి పోతున్నారు. నా వంతు వచ్చింది. అద్దాల గదిలో తలకు గుడ్డ చుట్టుకున్న చిన్నవయసు ఉద్యోగిని. వేళ్లు పెట్టాను. ఎర్ర లైటు. ఇంకోసారి పెట్టమని సైగ చేసింది. గట్టిగా అదిమాను. మళ్లీ ఎర్ర లైటు. ఆమె ఏదో అడిగింది, అర్థం కాలేదు. వెనక లైను పెరుగుతోంది. నా కూతుర్ని కాపాడుకోలేని చేయి, రేషను మిషనుకు పట్టని చేయి, ఇక్కడా వద్దంటోంది అనిపించింది. ఇది దేవుడు ఆపడమేమో, ఆడబిడ్డ చెప్పిందే నిజమేమో.

వెనక్కి తిరిగిపోదామన్నా దారి లేదు. వేళ్లు నోటి దగ్గర పెట్టుకొని ఊదుకున్నాను. ఈసారి అదమలేదు. చంటిబిడ్డ బుగ్గ మీద పెట్టినట్టు ఆనించాను. నాకు తెలిసిన చంటిబిడ్డ బుగ్గ ఒక్కటే. పచ్చ లైటు వెలిగింది. ఆ పిల్ల ఉద్యోగిని నా కళ్లు చూసి, ఏమనుకుందో, పాస్‌పోర్టు రెండు చేతులతో ఇచ్చింది.

పెండ్లి ఎట్లా జరిగిందో చెప్పమంటే నాకు పూలు, దీపాలు గుర్తులేవు. పెండ్లికూతురు పీట మీద కూర్చుని కొంగు పట్టింది, అదే గుర్తు. అక్కడి అంగట్లో కొన్న బియ్యానికి ఆళ్లగడ్డ పసుపు కలిపి పళ్లెంలో పెట్టారు. పక్కన కొబ్బరికాయలు కుప్పగా ఉన్నాయి, పాప చెప్పినట్టే. దోసిలి నిండా బియ్యం తీసుకున్నాను. చేయి ముందుకు పోలేదు. ఆ పిల్ల చెవి దగ్గర వంగి, "వేరేవాళ్లతో పోయించుకో తల్లీ. నాకు భయమైతాంది, నీకేమన్నా అయితే నేను బతకలేను" అన్నాను.

ఆ పిల్ల కొంగు దించలేదు. "పెద్దమ్మా, అది ఈడ ఉంటే నిన్ను ఏమని తిడతాదో తెల్సా?"

"ఏమని?"

"పోసేదుంటే పోసెయ్, లేకుంటే లైన్లోంచి జరుగు, ఎనక జనాలుండారు అని."

నాకు నవ్వు వచ్చింది. పాప పోయాక మొదటిసారి. ఆ నవ్వులోనే దోసిలి తెరుచుకుంది. బియ్యం ఆ పిల్ల కొంగులో పడిన చప్పుడు నేను విన్నాను. ఆ పిల్ల ఏడ్చింది, నేనూ ఏడ్చాను, మేళం వాళ్లు మాత్రం ఆపలేదు.

భయం పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ చేస్తాను. నేను అడగకముందే "బాగుండా పెద్దమ్మా, జలుబు కూడా లేదు" అంటుంది. పెట్టేశాక కాసేపు బాగుంటుంది. మధ్యాహ్నానికి మళ్లీ మొదలవుతుంది. రోజులు ఇట్లా గడుస్తున్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు కూడా వేళ్లు పెట్టాలన్నారు. ఒడిబియ్యానికి కలిపిన పసుపు ఎంత కడిగినా నా వేళ్లనుంచి పోలేదు. ఊదుకున్నాను, మెల్లగా ఆనించాను. పచ్చ లైటు వెలిగింది. వేళ్లు తీసి చూస్తే అద్దం మీద రెండు పసుపు మచ్చలు. తుడుద్దామని కొంగు ఎత్తాను. లోపలున్న మనిషి పరవాలేదు, పొమ్మని చేయి ఊపాడు.

కొంచెం దూరం నడిచి వెనక్కి చూశాను. నా తర్వాత లైన్లో ఒక అమ్మాయి, పాప వయసుదే, జడ ముందుకు వేసుకొని ఉంది. ఆ రెండు పసుపు మచ్చల మీదే తన వేళ్లు పెట్టి, లైటు ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తోంది.