పాత పాస్‌వర్డే ఉంచేశాను

పొద్దున్న ఒళ్లు మండి మా ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చేశాను. సందులో సగం ఇళ్లు మా నెట్టే వాడుకుంటున్నాయి, నా ఫోన్‌లో మాత్రం ఎప్పుడూ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

సాయంత్రం వదిన ఫోన్‌లో కొత్తది కొట్టిద్దామని పెరట్లోకి వెళ్లాను. సంగతి చెప్పగానే ఎండుచేపలు ఎత్తుతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"మార్సీసినావేటి బాబూ?"

"అందరూ వాడేస్తన్నారు వదినా."

"మీ అన్న ఫోనుకి పాతదే కదా తెలుసు. వచ్చినప్పుడు ఎలాగ తగుల్తాది?"

పోయిన వానాకాలం అన్నయ్య సముద్రంలోకి వేటకెళ్లాడు. పడవ తిరిగి రాలేదు. ఆయన ఫోన్‌లో నెట్ బాలెన్స్ ఏనాడూ ఉండేది కాదు. వేట నుంచి వస్తూ సందు మొదట్లోకి రాగానే ఆ ఫోన్ మా వైఫైని పట్టుకునేది. వదిన పంపి ఉంచిన మెసేజీలకి రెండో టిక్కు పడేది. అది చూసి ఆవిడ ఎసరు పెట్టేది.

వదిన ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఆ మెసేజీలే కనిపించాయి. నిన్న మధ్యాహ్నం పంపింది కూడా ఉంది. "కూర ఏటి వండమంటావు?" ఒక్కటే టిక్కు.

పాత పాస్‌వర్డే మళ్లీ పెట్టేశాను. సందులో వాళ్లందరూ హాయిగా వాడుకోండి.

తర్వాత ఎందుకో సందు మొదటిదాకా నడిచి, నా ఫోన్‌లో చూసుకున్నాను. సిగ్నల్ ఒక్క గీతే ఉంది.

రౌటర్ ఎక్కడ పెడితే ఒడ్డుదాకా అందుతుందో, తెలిసినవాళ్లు చెప్పండి.