రూతమ్మ గారి శనివారాలు

మూత తిప్పగానే కిరసనాయిలు వాసన గుప్పుమంది. తిరువూరులో ఇప్పుడు ఆ వాసన ఎక్కడా తగలదు. రేషన్‌లో ఇవ్వడం మానేశాక స్టవ్వులు పోయాయి, లాంతర్లు పోయాయి. మా ల్యాబులో ఒక పాత డబ్బా అడుగున మాత్రం కాస్త మిగిలింది. శనివారం మధ్యాహ్నం క్లాసులయ్యాక, పట్టేసిన నడుం వంచి, కింది అరలోంచి సోడియం సీసా తీసి, ముక్కలన్నీ నూనెలో మునిగి ఉన్నాయో లేదో చూడడం నా పని. ఎవరూ చెయ్యమనలేదు. "వారం వారం ఏం చూస్తారు మేడం, అదేమన్నా పారిపోతుందా?" అని కొత్తగా చేరిన లెక్చరరమ్మాయి నవ్వింది. తిరిగి నవ్వే ఓపిక నాకు లేదు. ఈ వయసులో వేసవి మధ్యాహ్నాలు మనిషిని పిండేస్తాయి. పైగా సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేనూ అన్నాను. రూతమ్మ గారితో అన్నాను.

నేను మొదట ఉద్యోగంలో చేరిన ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆవిడ ల్యాబ్ అటెండరు. ఆ కాలేజీ మూతపడి చాలా ఏళ్ళయింది. ఆవిడ వినగడప నుంచి షేర్ ఆటోలో పొద్దున్నే వచ్చేవారు. పదో తరగతి గట్టెక్కని మనిషి. నేనేమో ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చి మూడు నెలలు కాలేదు, కళ్ళు నెత్తికెక్కి ఉన్నాయి. మొదటి ప్రాక్టికల్ రోజున సోడియం ముక్క కోయబోతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపేశారు.

"చేతులు తుడుచుకోండి మేడం."

"ఇప్పుడేగా కడుక్కున్నాను?"

"అందుకే తుడుచుకోమంటున్నా. చెమటైనా నీళ్ళే కదండీ."

పిల్లలందరి ముందూ ఆ మాట అనేసరికి నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ అప్పటికే పొడి గుడ్డ నా చేతిలో పెట్టి, చాకు తుడిచి, పట్టకారు అందిస్తున్నారు. కోసిన ముఖం వెండిలా మెరిసి, మేం చూస్తుండగానే మసకబారిపోయింది. గాలి తగిలితే చాలు దానికి. మిగిలిన ముక్కని ఆవిడ వెంటనే కిరసనాయిల్లోకి జార్చి మూత బిగించారు. మెగ్నీషియం రిబ్బను చుట్టని కూడా అలాగే పొడి డబ్బాలో పెట్టి, వానాకాలంలో రోజూ చూసుకునేవారు. శనివారం వచ్చిందంటే సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టి, నూనె తగ్గినచోట పోసేవారు. అందుకోసం తన ఇంటి రేషన్ కిరసనాయిలు సీసాలో పట్టుకొచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

"ఇంత చాకిరీ ఎందుకు రూతమ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఈ పని పోతే నాకు పత్తి చేలే దిక్కు మేడం. రోజంతా వంగి తీయడానికి నడుం సహకరించదు. మా ఆయన మంచాన పడ్డాడు. ఈ ఉద్యోగమే మాకు అన్నం పెడుతోంది" అన్నారు. విన్నాను గానీ, బుర్రకెక్కించుకోలేదు.

ఆ ఏడు వేసవి సెలవులిచ్చే రోజున ఆవిడ ల్యాబు తాళంచెవి అడిగారు. వారానికొకసారి వచ్చి నూనె పోసి వెళ్తానన్నారు. సోడియం సీసాలు రెండింటికీ రబ్బరు మూతలు ఎండకి పగుళ్ళు పట్టాయట. నాకేమో బెజవాడ బస్సుకి టైమవుతోంది. "అదేమన్నా పారిపోతుందా? సెలవులు సెలవుల్లా ఉండనివ్వు" అని తాళంచెవి నా బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయాను.

జూన్‌లో తలుపు తీస్తే సీసాల్లో చుక్క నూనె లేదు. సోడియం ముక్కలు తెల్లగా పొక్కు కట్టి ఉన్నాయి. మర్నాడు శుక్రవారం తనిఖీ కమిటీ వస్తోంది. అలమార తుడిపించాలి, బల్లలు సర్దించాలి, తల ప్రాణం తోకకొస్తోంది. "మొత్తం పాడైపోయింది, కడిగి పారేయి రూతమ్మా" అన్నాను.

"వద్దు మేడం. పైన సున్నం పట్టినట్టుందిగానీ లోపల బతికే ఉంది."

చదువుకున్నది నేనా, తనా? చిర్రెత్తుకొచ్చింది. ఒక సీసా లాక్కుని సింకులో పెట్టి కుళాయి తిప్పాను. ఆవిడ నా భుజం పట్టి వెనక్కి లాగారు. ఆ క్షణంలోనే మంట లేచింది, పేలింది. సింకు రెండుగా చీలింది, కిటికీ అద్దం రాలిపోయింది. నాకు గీత కూడా పడలేదు. ఆవిడ ముంజేతి మీద బెజ్జాలు పడ్డట్టు కాలింది.

ప్రిన్సిపాల్ గారి గదిలో ఇద్దరం నిలబడ్డాం. "సీసా కడిగిందెవరమ్మా?" అని ఆయన అడిగారు. రూతమ్మ గారు నా తప్పు నెత్తినేసుకోలేదు. "మేడం కడిగారండి. నేను వద్దన్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన నా వైపు తిరిగారు. చేరి ఏడాది కూడా కాలేదు, నా ఉద్యోగం ఊడుతుందనుకున్నాను. "లేదండీ, నేను ముట్టుకోలేదు" అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆయనకి అటెండరు మాట కన్నా లెక్చరరు మాటే ఎక్కువైంది. సాయంత్రం లోపల రూతమ్మ గారిని పనిలోంచి తీసేశారు. వెళ్ళేటప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు.

శనివారం నేను ల్యాబులో ఒక్కదాన్నే ఉండగా ఆవిడ వచ్చారు. చేతికి గుడ్డ కట్టు, చంకలో కిరసనాయిలు సీసా.

"మీ కోసం రాలేదు మేడం. రెండో సీసా అలాగే ఉంది. సోమవారం కొత్త మనిషి వస్తుందంట, తెలియక కడిగేస్తుంది. పిల్లలు కూడా ఉంటారు."

సీసా నిండా నూనె పోసి, వరండాలోకి తీసుకెళ్ళి, పక్కన పొడి ఇసక బకెట్టు పెట్టుకుని కూర్చున్నారు. పొక్కు చెక్కేసి, లోపల మెరుస్తున్న ముక్కల్ని కొత్త నూనెలోకి మార్చారు. చెక్కిన పొట్టుని వేరుశనగ పలుకంతేసి, నీళ్ళలోలా పేలకుండా మెల్లగా కరిగేలా స్పిరిట్లో వేస్తూ, బుడగలు ఆగేదాకా ఆగి, మళ్ళీ ఇంకొకటి వేశారు. నేను తొందరపడి రెండు కలిపి అందించబోతే, "ఆగండి, అది చల్లారనివ్వండి" అన్నారు. రెండు గంటలు పట్టింది. అయ్యాక చేతులు తుడుచుకుని ఆటోకి వెళ్ళిపోయారు.

ఆ తరవాత నేను ఊరుకోలేకపోయాను. ప్రిన్సిపాల్ గారి ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పేశాను. ఆయన విసుక్కున్నారు. "ఇప్పుడు చెబితే నేనేం చెయ్యనమ్మా? కమిటీకి రాసిచ్చేశాను. కొత్తావిడకి మాటిచ్చేశాను. మీరు దీన్ని ఇక్కడితో వదిలెయ్యండి" అన్నారు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఎంత బతిమాలినా ఆవిడది మాత్రం తిరిగి రాలేదు.

ఆదివారం వినగడప వెళ్ళాను. ఆవిడ అప్పుడే చర్చి నుంచి వచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే మంచంలో ఉన్న భర్తకి జావ తాగిస్తున్నారు. "నిజం చెప్పేశాను రూతమ్మ గారూ" అన్నాను. 'గారూ' అని పిలవడం అదే మొదటిసారి.

"చెప్పారా, మంచిదండి" అన్నారు. జావ గ్లాసు కింద పెట్టి, కోపం లేకుండా, మామూలుగా అన్నారు: "అదే మాట గురువారం చెప్పుంటే, రేపు నేను పనిలోకి వచ్చేదాన్ని."

ఆవిడ మంచినీళ్ళిచ్చారు, తాగాను. ఆ ఏడు పత్తి తీతల కాలంలో విస్సన్నపేట రోడ్డు మీద, కూలీల ఆటో వెనక కూర్చుని, నడుం పట్టుకుని వెళ్తుంటే చూశాను. నన్ను చూసి తల ఊపారు. నాలుగేళ్ళకి పోయారని తెలిసింది. వెళ్ళాను, జనం వెనకాల నిలబడి వచ్చేశాను.

ఇప్పుడు నేను పనిచేసే చోట ఏ బీకరు పగిలినా, ఏ లెక్క తప్పినా, తప్పు నాదైతే ఆ గంటలోనే వెళ్ళి చెప్పేస్తాను. అలిసిపోయి ఉన్నా, రేపు చెబుదాంలే అనిపించినా, లేచి వెళ్తాను. మేడం చాలా నిజాయితీ గల మనిషని స్టాఫ్‌రూములో చెప్పుకుంటారు. వింటే సిగ్గేస్తుంది. నాకు ఆ అలవాటు నేర్పడానికి ఒక మనిషి ఉద్యోగం పోయింది.