నాయిన కళ్లకు కట్టున్నప్పుడు మేం చదివిన పుస్తకాలు

మా చిన్నప్పుడు... నేను ఆరో తరగతిలో ఉండగా, ఒక సాయంత్రం నాయిన రెండు కళ్లకూ తెల్లటి కట్టుతో ఇంటికి వచ్చాడు. ఒకవైపు అమ్మ, మరోవైపు ఆయనతో పనిచేసే మామ... చెరో రెక్క పట్టుకుని గడప దాటించారు.

నాచారంలో ఒక చిన్న కార్ఖానాలో నాయిన ఫిట్టరు. ఇనుమును రాపిడి పెడుతుంటే రజను, అదే ఇనుప పొడి, ఎగిరి కళ్లలో పడింది. దవాఖానాలో అది తీసి కట్టు కట్టారు. విప్పేదాకా చూపు సంగతి ఏమీ చెప్పలేమన్నారు. అంతవరకు తల వంచకూడదు, బరువు ఎత్తకూడదు, పడుకునే ఉండాలి...

ఊరికే కూర్చోవడం తెలియని మనిషి. డ్యూటీ నుంచి రాగానే పేపరు మొదలుపెడితే చివరి ప్రకటన దాకా వదిలేవాడు కాదు. అలాంటివాడు నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫ్యాను చప్పుడు వింటూ ఉండిపోయాడు. మర్నాటికే విసుగొచ్చి, "బిడ్డా, జర పేపరు సదువు" అన్నాడు.

నాది ఇంగ్లిష్ మీడియం చదువు. తెలుగు ఒత్తులు వచ్చిన చోటల్లా ఆగిపోయేదాన్ని. "మెల్లగ సదువు, నాకేం తొందరుంది" అనేవాడు.

పేపరు ఎంతసేపు వస్తుంది? మా పై వాటాలో సుగుణ ఆంటీ వాళ్లుండేవారు. ఆమె భర్తది రైల్వే ఉద్యోగం, రాజమండ్రి వైపు వాళ్లు. సంగతి తెలిసి ఆంటీ ఒక సంచీ నిండా పుస్తకాలు పట్టుకొచ్చింది.

"మీ నాన్నగారికి ఏవి నచ్చుతాయో తెలీదమ్మా, అందుకే అన్ని రకాలూ కలిపేశాను. మొహమాటం ఏం వద్దు, బాగోకపోతే బాగోలేదనే చెప్పండి" అంది.

ఆ మాటను నాయిన గట్టిగా పట్టుకున్నాడు...

ముందు డిటెక్టివ్ నవల. బడి నుంచి వచ్చి రోజూ కాస్త చదివేదాన్ని. నాయిన మొదటినుంచీ వంటవాడినే అనుమానించాడు. చివరి పేజీల్లో, అప్పటిదాకా కథలోనే లేని ఒక తమ్ముడు హంతకుడిగా ఊడిపడ్డాడు. "గిది మోసం. మనకు సూపెట్టకుండ దాసిపెట్టి, ఆఖర్ల తీసి ఇగో అంటే ఎట్ల?" అని అలిగి, అన్నం కూడా ఆలస్యంగా తిన్నాడు.

తర్వాత దయ్యాల నవల. చదువుతుంటే నా గొంతు వణికేది. తలుపు వైపు చూసుకుంటూ మంచానికి దగ్గరగా జరిగేదాన్ని. నాయినకు నవ్వాగలేదు. "సీకట్ల ఉన్నది నేను, బయపడేది నువ్వు" అన్నాడు. అది సగంలోనే ఆగింది. దయ్యాల పుస్తకాలంటే నాకు ఇప్పటికీ పడదు.

కుటుంబ నవల మొదలుపెట్టాక అమ్మ కూడా చాటలో బియ్యం పోసుకుని వచ్చి కూర్చుంది. పెద్ద మేడ, పొడవాటి కారు, అపార్థాలు... "ఈ నవలల ఎవ్వరికీ డ్యూటీ లేదా?" అన్నాడు నాయిన.

"జర ఊకో. కథల గూడ నీ డ్యూటీలేనా? ఆ పిల్ల ఏమైతదో సదువనియ్యి" అంది అమ్మ. నేను అమ్మ పక్షం. ఇప్పటికీ అలాంటి నవల దొరికితే ఒక్క బిగిన చదివేస్తాను... సిగ్గేమీ లేదు.

మనిషి అనుకుంటే సాధించలేనిది లేదని చెప్పే పుస్తకం ఒకటి ఉంది. నాలుగు పేజీలు విని, "ఈయన కంట్ల రజను పడలేదు గావచ్చు" అన్నాడు. ఇంక దాన్ని ముట్టుకోలేదు.

కవిత్వం నాకు ముక్క అర్థం కాలేదు, ఆయనకూ కాలేదు. "సమజ్ గాలే గని, సప్పుడు మంచిగున్నది. ఇంకోటి సదువు" అన్నాడు. కవిత్వం మీద నా అభిప్రాయం నేటికీ దాదాపు అదే...

సంచీలో అడుగున ఒక యాత్రా పుస్తకం ఉంది. ఒకాయన హిమాలయాల్లో నది పక్కన నడుచుకుంటూ పోయిన కథ. నాకు ఆవులింతలు. నాయిన మాత్రం కదలకుండా విన్నాడు. కొండ మలుపులో నీళ్ల రంగు మారిందని రాసిన చోట, "ఆ నీళ్ల ముక్క మల్ల సదువు" అన్నాడు. చదివాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చదివాను.

తర్వాత మెల్లగా అన్నాడు... "కట్టు ఇప్పినంక గూడ కనబడకపోతే, గిట్లనే సదివి పెడ్తవా బిడ్డా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"సదువుత నాయినా" అన్నాను. కింది వరస కనిపించలేదు నాకు. అక్షరాలన్నీ అలుక్కుపోయాయి.

"మరి ఆగినవేంది, సదువు" అన్నాడు.

కట్టు విప్పిన రోజు నేనూ వెళ్లాను. ఎడమ కన్ను నిలిచింది. కుడి కంటికి మాత్రం అంతా మంచులోంచి చూసినట్టే అన్నాడు. తిరిగి వస్తుంటే ఆటోలో హబ్సిగూడ నుంచి నాచారం దాకా కనిపించిన ప్రతి దుకాణం బోర్డూ పైకి చదివాడు. చెప్పుల షాపు, మందుల షాపు, టైపు ఇన్‌స్టిట్యూట్... అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటూ కూర్చుంది.

సంచీ తిరిగివ్వడానికి తనే మెట్లెక్కాడు. "యాత్ర పుస్తకం ఇంకోటుంటే ఇయ్యండ్రి అక్కా. గెలుపు పుస్తకం మాత్రం వద్దు" అన్నాడు. ఆంటీ నవ్వింది. "అది నేనూ సగంలోనే ఆపేశానండీ" అంది.

కార్ఖానాలో ఆయన్ను మెషీన్ దగ్గర్నుంచి తీసి స్టోర్స్‌లో వేశారు. ఆ తర్వాత పుస్తకాన్ని ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని తనే చదువుకునేవాడు. నాకు అంత సంతోషంలోనూ ఏదో వెలితి... బడి నుంచి వచ్చి ఊరికే మంచం పక్కన కూర్చునేదాన్ని. "ఏంది బిడ్డా?" అనేవాడు. ఏం లేదనేదాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోను వారిది, ఎవరి చెవి వారిది. పుస్తకాన్ని ఫోనే చదివి పెడుతోంది... మంచి గొంతు, ఎక్కడా తడబాటు లేదు. కానీ ఒక్క పుస్తకం చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి, దాన్ని మెచ్చుకుని, తిట్టుకుని, పోట్లాడుకోవడం మాత్రం కనిపించడం లేదు.

మీ ఇంట్లో ఎవరు చదివితే ఎవరు వినేవారు? ఏ రకం పుస్తకాన్ని ఏమని తిట్టుకున్నారు? మొహమాటం లేకుండా చెప్పండి... వింటాను.